ఆర్విల్ స్టకీ ఫోన్ చేశాడు

ఆర్విల్ స్టకీకి సిగరెట్టు లేదు, మందు లేదు, పేకాట లేదు. ఉన్న ఒకే ఒక్క వ్యసనం రేడియోకి ఫోన్ చేయడం. ఇండియానాలోని హార్లన్‌విల్ అనే చిన్న నగరంలో రోజూ సాయంత్రం నాలుగింటికి బాస్కెట్‌బాల్ కబుర్ల కార్యక్రమం వచ్చేది. ఒక నిమిషం ముందే రేడియో స్టేషన్లో ఆయన ఫోన్ మోగేది. పన్ను పీకించుకుంటూ చేశాడు. మేనకోడలి పెళ్లిలో, అవతల ఉంగరాలు మార్చుకుంటుంటే, చర్చి మెట్ల మీద కూర్చుని చేశాడు. స్టేషన్లో ఫోన్లెత్తే గ్లెండా పదకొండేళ్లుగా ఆయన్ని దగ్గుతోనే గుర్తుపట్టేది.

ఆ వేసవిలో ఊరంతా ఒకటే గొడవ. ఊరి జట్టులో అందరికన్నా మేటి ఆటగాడికి ఎంతిచ్చినా తప్పులేదని అందరూ ఒప్పుకున్నారు. చిక్కంతా రెండోవాడితో. టైరస్ బాస్కమ్ ఏడాదికి మూడు కోట్ల డాలర్లు అడిగాడు. అతని ఆట రెండు కోట్లకు మించదని అభిమానించేవాళ్లే చెప్పేవారు.

“ఇవ్వొద్దు,” అన్నాడు ఆర్విల్.

“ఇవ్వకపోతే లాస్ ఏంజెలెస్ పోతాడు పెద్దాయనా! మన మంచులోకి అలాంటివాడు మళ్లీ ఎవడొస్తాడు?” అన్నాడు కార్యక్రమం నడిపే హ్యాంక్.

“పోనీ, సుఖంగా ఉంటాడు. రెండు కోట్లకి బంగారంలాంటి కుర్రాడు. మూడిచ్చారంటే అదే కుర్రాడు ఎందుకూ పనికిరాడు.”

“అదేం లెక్క?”

“నువ్వే చూస్తావుగా.”

నలభై మూడు రోజులు ఇదే పాట. ఊళ్లో ఆయనకి పిసినారి అని పేరు పడిపోయింది. బేకరీ ఆయన కూడా చిల్లర తిరిగిస్తూ, “నాకు ఎక్కువ ఇచ్చేయకండి సార్, చెడిపోతాను,” అనేవాడు.

జట్టు మూడు కోట్లూ ఇచ్చేసింది. నవంబరులో బాస్కమ్ మడమ బెణికింది. కుంటుతూనే ఆడాడు, వేసిన బంతి వేసినట్టు బయటికి పోయింది. నిన్నటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లే కూతలు పెట్టారు. “ఒక్కో తప్పుడు బంతికీ ఎంత పడిందో లెక్కకట్టాను హ్యాంక్!” అంటూ రేడియోకి ఫోన్ల మీద ఫోన్లు.

అప్పుడే ఆర్విల్‌కి పిచ్చి ముదిరింది. బాస్కమ్ పేరెత్తడు. పాప్‌కార్న్‌లో ఉప్పు గురించి పావుగంట, స్టేడియం కుర్చీల గురించి ఇరవై నిమిషాలు. హ్యాంక్ ఫోన్ కట్ చేస్తే మరుక్షణం సన్నటి ఆడగొంతుతో, “నేను హెన్రియెట్టానండీ, పార్కింగ్ గురించి ఒక్కమాట...”

“ఆర్విల్ గారూ, గొంతు మారింది గానీ దగ్గు మారలేదు,” అంది గ్లెండా.

“కలుపమ్మా, నీకు పుణ్యముంటుంది!”

చివరికి స్టేషన్ మేనేజరు, “ఇక ఆ ముసలాయన ఫోన్ కలపొద్దు. ఆ మాట నువ్వే వెళ్లి చెప్పు,” అని గ్లెండాని పురమాయించాడు.

సెలవు రోజున గ్లెండా వెళ్లింది. ఆమె బదులు ఫోన్లెత్తే కుర్రాడికి మేనేజరు మాట ఇంకా తెలియదు. ఆర్విల్ కోటు మీద కోటు వేసుకుని వరండాలో వణుకుతూ, చెవి దగ్గర ఫోన్‌తో స్కోరుబోర్డులో మాడిపోయిన బల్బులు లెక్కపెట్టి చెబుతున్నాడు. పక్కింటి వంటింటి కిటికీలోంచి అదే మాట రేడియోలో వినిపిస్తోంది.

“లోపల కూర్చుని చేయొచ్చుగా?” అంది, ఆయన ఫోన్ పెట్టేశాక.

“ఇక్కడైతే ఆవిడ రేడియో పెట్టిందో లేదో తెలుస్తుంది. బాస్కమ్ తల్లి, వెర్నా. కొడుకు పేరొస్తుందని రోజూ పెడుతుంది. గంటలో నలభై నిమిషాలు నేనే మింగేశాననుకో, ప్రకటనలు పోను వాణ్ణి తిట్టడానికి ఎనిమిది నిమిషాలే మిగులుతాయి.”

గ్లెండా మెట్టు మీద కూర్చుంది. “డబ్బివ్వొద్దన్నది మీరే కదండీ?”

“ఇందుకే వద్దన్నాను. ముప్పయ్యేళ్లు జట్టు బస్సు నడిపానమ్మా. వెనకటికి ఫిస్క్ అని ఒకడుండేవాడు. వాడికీ ఇలాగే దండిగా ఇచ్చారు. తర్వాత ఆట తప్పిందని జనం తిడుతుంటే, ఎవరి కంటా పడకూడదని ఊరు దాటేదాకా సీట్ల మధ్య పడుకునేవాడు. అద్దంలో ఆ కాళ్లే కనబడేవి నాకు. పిల్లాడిలో లోపం లేదు. ఎక్కువిస్తే మన కళ్లే మారిపోతాయి.”

మేనేజరు మాట చెప్పకుండానే గ్లెండా మెట్లు దిగింది. కంచె దగ్గర వెర్నా వేడి మొక్కజొన్న రొట్టెతో ఎదురొచ్చింది.

“రేడియో అమ్మాయివేగా? తిను. ఆయనకి చలి చేస్తుందని చెప్పావా?”

“ఆయన ఎందుకు ఫోన్ చేస్తాడో మీకు తెలుసా?”

“తెలియకేం! మా వాడు చిన్నప్పటి నుంచీ తిట్లు తింటూ పెరిగినవాడే, నేనూ గట్టిదాన్నే. ఆ కార్యక్రమం నాకసలు నచ్చదు. కానీ భార్య పోయాక ఆయన మాట వినేవాళ్లు ఎవరున్నారు చెప్పు? అందుకని ఆయన వరండాలోకి రాగానే రేడియో గొంతు పెంచుతాను.”

వసంతానికి బాస్కమ్ మడమ బాగుపడింది. కూతలు పెట్టినవాళ్లంతా మొదటి నుంచీ తమకు నమ్మకముందన్నారు. మూడు కోట్లు ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా అన్నది మాత్రం ఆ ఊళ్లో ఇప్పటికీ తేలలేదు.

ఇక గ్లెండా ఆర్విల్ ఇంటికి వెళ్లొచ్చిన మర్నాడు మేనేజరు, “ముసలాయనకి చెప్పావా?” అని అడిగితే, గ్లెండా తల కూడా ఎత్తకుండా, “కనబడలేదండీ. పక్కింటావిడ రొట్టె పెట్టింది, తినొచ్చాను,” అని, నాలుగింటికి ఒక నిమిషం ముందు మోగిన ఫోన్ అందుకుని కలిపేసింది.