ఉస్మాన్ చాచా దింపేసిన వాళ్లు

సౌదీలోని బురైదా ఖర్జూరం మార్కెట్లో ఎవరైనా సూడాన్ మనిషి శొంఠి వేసి కాఫీ కాస్తుంటే, ఆ ఘాటుకు నా అడుగు ఆగిపోతుంది. ఉస్మాన్ చాచా గుర్తొస్తాడు. జగిత్యాల నుంచి ఖర్జూర తోటలో పనికొచ్చిన నాకు ఇసుకలో బండి నడపడం నేర్పింది ఆయనే. బండి దిగబడితే తిట్టేవాడు కాదు. ఒక పార నా చేతికిచ్చి, ఇంకోటి తాను పట్టుకునేవాడు. ఆయనది వచ్చీరాని ఉర్దూ. నాకు మాత్రం ఆ మాటలన్నీ మా ఊరి భాషలోనే గుర్తున్నాయి.

ఒక ఎండాకాలం రేడియేటర్లో నీళ్లు చూసుకోకుండా ట్రాక్టర్ నడిపి ఇంజన్ పాడుచేశాను. మర్నాడు దాన్ని స్టార్ట్ చేయబోయిన బంగ్లాదేశీ రఫీక్ మీద నేరం పడింది. మా మేనేజర్‌ను ముదీర్ అంటాం. "ఎగ్జిట్ కొట్టి మీ దేశం పంపించేస్తా" అన్నాడాయన. రఫీక్ ఒట్లు పెట్టుకున్నాడు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం గదిలో అందరం సినిమా చూస్తున్నాం. యూరప్ చేరాలని ఆఫ్రికా కుర్రాళ్లు ట్రక్కెక్కి సహారా దాటుతున్నారు. డ్రైవర్ వాళ్లను నడి ఎడారిలో దింపి, ఆ దిబ్బ దాటితే ఊరేనని చెప్పి వెళ్లిపోయాడు. దిబ్బ అవతల ఇసుకే. గదిలో అందరూ డ్రైవర్‌ను బూతులు తిట్టారు. చాచా లేచి సినిమా ఆపాడు.

"తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి. వయసుల ఉన్నప్పుడు నేను గదే పని చేసిన. పదకొండు మందిని దించి, గిదే అబద్ధం చెప్పిన. మనసు ఒప్పక మర్నాడు నీళ్లు వేసుకొని ఎనక్కి పోయిన. తొమ్మిది మంది దొరికిండ్రు. ఇద్దరు దొరకలే."

ఆయన చెప్పకపోతే మాలో ఎవరికీ ఎన్నటికీ తెలిసేది కాదు. ఆయన బయటికి వెళ్తే వెనకే వెళ్లాను.

"చాచా, ట్రాక్టర్ ఖరాబు చేసింది నేను."

"నాకెందుకు చెప్తున్నవ్? ముదీర్ ఆఫీసులనే ఉన్నడు."

ఆఫీసు తలుపు దాకా నాతో నడిచాడు, లోపలికి రాలేదు. ఆ ఏడు నా సెలవు పోయింది, రెండు నెలలు స్టీరింగ్ ముట్టనివ్వలేదు. రఫీక్ మాత్రం ఉండిపోయాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు, అది న్యాయమే.

చాచా సూడాన్ వెళ్లిపోయాక ఫోన్ కలవలేదు. ఇప్పుడు కొత్త డ్రైవర్లకు నేనే నేర్పుతున్నాను. నా వల్ల ఏదైనా పాడైతే, ఎవరూ అడగకముందే ముదీర్ దగ్గరికి వెళ్తాను. ఇప్పటికీ భయమేస్తుంది. అయినా వెళ్తాను.