డాబా మీదికి పోయిన పైపు

రేగొండలో నేను రక్తపరీక్షల ల్యాబ్ పెట్టుకున్న గది ఒకప్పుడు విత్తనాల దుకాణం. ముందు షట్టర్, వెనక గోడకు ఒక చిన్న కిటికీ. అంతే. మాది జనగామ. పెళ్లయ్యాక భూపాలపల్లి వచ్చి, అక్కడి ఆసుపత్రుల్లో కొన్నేళ్లు పనిచేశాను. ఇక ఒకరి కింద చేయలేననిపించి సొంతంగా ల్యాబ్ తెరిచి, రోజూ బస్సులో రేగొండకు తిరగడం మొదలుపెట్టాను. నా దగ్గరున్నవి రక్తంలో చక్కెర, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ లాంటివి చూసే మిషన్ ఒకటి, మైక్రోస్కోపు ఒకటి, ఫ్రిజ్ ఒకటి. ఆ మిషన్ వేడికి ఓర్వదు. గది ముప్పై డిగ్రీలు దాటితే అది చూపించే అంకెలను నమ్మలేం. కాబట్టి ఏసీ నాకు సుఖం కోసం కాదు, పని కోసం.

ఏసీ కొన్న రోజే చిక్కు మొదలైంది. లోపలి మిషన్ గోడకు పెట్టడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. వేడిగాలి వదిలే బయటి మిషన్ ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. ఇంటి యజమాని పై అంతస్తులో ఉంటాడు. పొలం ఉంది, ఊరి రాజకీయాల్లో తిరుగుతాడు, సాయంత్రమైతే నా షట్టర్ ముందరి అరుగు మీదే పదిమందితో కూర్చుంటాడు. ముందర పెడతానంటే కూర్చునేవాళ్లకు సెగ కొడుతుందన్నాడు. వెనక గోడకు పెడతానంటే అది తమ పెరడు, ఇంట్లో ఆడవాళ్లు తిరిగే చోటన్నాడు. చివరికి చెయ్యెత్తి పైకి చూపించాడు.

"డాబా మీద బోలెడు జాగున్నదమ్మా. పైపు మీదికి గుంజుకో."

పై అంతస్తు మీద సగం కట్టి వదిలేసిన ఇంకో అంతస్తు ఉంది. డాబా దానికీ పైన. నాకు అనుమానం వచ్చింది. భూపాలపల్లి నుంచి వచ్చిన మెకానిక్‌ను ఇంత పైకి పైపు పోతే పరవాలేదా అని అడిగాను. అతను గోడ వైపు ఒకసారి చూసి, "పైపుదేమున్నది మేడం, ఎంతంటే అంత గుంజొచ్చు. గ్యాస్ జర ఎక్కువ కొడ్తే అయిపాయె" అన్నాడు. ఆ మాట నమ్మాను. నిజం చెప్పాలంటే నమ్మడం నాకు వీలుగా ఉంది. యజమానితో వాదిస్తే గది ఖాళీ చేయమంటాడేమోనన్న భయం లోపల ఉంది.

పైపు వెంటిలేటర్‌లోంచి బయటికొచ్చి, పక్క గోడ వెంట నడిచి, మెట్ల పక్కగా పైకెక్కి, డాబా మీద ఇంకొంత దూరం పాకింది. ఏసీతో వచ్చిన పైపు చాలక మధ్యలో రెండు చోట్ల అతుకులు వేశాడు.

మొదటి కొన్ని వారాలు గది చల్లబడింది. ఎండలు ముదిరేసరికి ఏసీ ఊరికే గాలి విసరడం మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చాడు, గ్యాస్ కొట్టాడు, వెళ్లాడు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ అంతే. మళ్లీ వచ్చాడు, మళ్లీ కొట్టాడు. మూడోసారి ఫోన్ చేస్తే మొగుళ్లపల్లిలో పనిలో ఉన్నానన్నాడు, ఆ తర్వాత పెళ్లిలో ఉన్నానన్నాడు. వచ్చినప్పుడల్లా ఒక కొత్త కారణం చెప్పేవాడు. కరెంటు తక్కువగా వస్తోందని ఒకసారి, షట్టర్ రేకు వేడెక్కుతోందని ఇంకోసారి. పైపు మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. నేను తడిపిన దుప్పటి షట్టర్‌కు వేలాడదీసి, టేబుల్ ఫ్యాన్ మిషన్ వైపు తిప్పి నెట్టుకొచ్చాను.

ఆ రోజుల్లోనే ఘనపూర్ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కూలికి పోయే మనిషి, కాళ్లు వాస్తున్నాయని డాక్టర్ పరీక్ష రాసిచ్చాడు. మిట్టమధ్యాహ్నం రక్తం తీసి మిషన్‌లో పెట్టాను. క్రియాటినిన్ చాలా ఎక్కువ చూపించింది. రోజూ పొద్దున్నే, ఫలితం ముందే తెలిసిన నమూనాతో మిషన్‌ను సరిచూసుకుంటాను, ఆ పొద్దున కూడా చూశాను, అంతా సరిగ్గానే ఉంది. గది వేడెక్కాక మళ్లీ చూడాలన్నది నాకు తెలుసు. బయట జనం ఉన్నారని చూడలేదు. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాను.

నాలుగో రోజు ఆయన, భార్య కలిసి వచ్చారు. ఆయన రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి నాది, ఇంకోటి వరంగల్‌లో చేయించుకున్నది. అందులో అంతా మామూలుగా ఉంది. భార్య నిలబడే ఉంది.

"కిడ్నీలు పోయినయని రెండు దినాలు బువ్వ ముట్టలేదమ్మా గీయన" అని మాత్రం అంది.

తిట్టినా బాగుండేది. మళ్లీ రక్తం తీసి చూస్తానని కూడా అనలేకపోయాను. తప్పు నాదేనని చెప్పాను. వాళ్లు తలూపి బస్సుకు వెళ్లిపోయారు. వాళ్లు పోయాక మిషన్‌లో తెలిసిన నమూనా పెట్టి చూశాను. అంకె ఉండాల్సిన దానికి ఎక్కడో దూరంగా ఉంది. ఆ రోజు నుంచి పదకొండు దాటితే మిషన్ పరీక్షలు ఆపేశాను. వచ్చినవాళ్లను రేపు పొద్దున రమ్మని పంపడమే పనైపోయింది. కొందరు రేపు రాలేదు.

అలా పంపబోయిన వాళ్లలోనే ఒక పెద్దాయన ఉన్నాడు. మొగుళ్లపల్లిలో ఇచ్చిన కూతురిని, ఏడో నెల గర్భిణిని, పరీక్షకు తీసుకొచ్చాడు. ఏసీ పనిచేయడం లేదు, ఇప్పుడు చేయనని చెప్పాను. చెమటలు కారుతున్న ఆ అమ్మాయిని చూస్తే నా మాట నాకే విసుగ్గా వినిపించింది. ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. ఏసీ కింద చెయ్యిపెట్టి చూశాడు. బయటికెళ్లి గోడ వెంట పైపును చూస్తూ చూస్తూ డాబా దాకా ఎక్కి దిగాడు. తమది మానుకోట పక్క తండా అని, ముప్పై ఏండ్ల సంది ఏసీలు బిగించే పనే చేస్తున్నానని అప్పుడు చెప్పాడు. కూతురితో వాళ్ల భాషలో ఏదో అని కూర్చోబెట్టి, నన్ను ఏసీతో వచ్చిన పుస్తకం అడిగాడు.

అది అట్టపెట్టెలోనే ఉంది. ఆ పెట్టెలో నేను దూది చుట్టలు దాచుకుంటున్నాను. కవరు కూడా చింపలేదు. ఆయన పేజీలు తిప్పి ఒక పట్టిక మీద వేలు పెట్టాడు. పైపు పదిహేను మీటర్లు దాటకూడదని అందులో రాసి ఉంది. ఎంత ఎత్తుకు ఎక్కవచ్చో కూడా ఉంది.

"నీది ఇరవై నాలుగు మీటర్లున్నది బిడ్డా. గంత దూరం గంత మీదికి పోతే మిషిను తన్లాడుతది, లోపలున్న ఆయిల్ గూడ సక్కగ తిరిగి రాదు. ఇగ ఆ రెండు అతుకుల కాడ గ్యాస్ కారుతనే ఉన్నది. ఎన్నిసార్లు కొట్టినా కుండకు బొక్క పెట్టి నీళ్లు పోసినట్టే."

మూడు నెలల నా తిప్పలు ఒక్క పేజీలో ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అమ్మినవాడు చూడలేదు, బిగించినవాడు చూడలేదు. రోజంతా అంకెలతో బతికే నేను కూడా చూడలేదు.

వెనక గోడకు పెడితే సరిపోతుందని ఆయన అన్నాడు. యజమాని ఊళ్లో లేడు. నేను పైకెక్కి ఆయన భార్యను అడిగాను. ఆమె చాటలో పప్పు చెరుగుతోంది. విషయమంతా విని, ఆ పెరట్లో తాను తప్ప ఎవరు తిరుగుతారంది.

"నన్నెవ్వలడిగిండ్రు? గాలి ప్రహరీ దిక్కు పోయేటట్టు పెట్టుకో. నేను చెప్త ఆయనకు."

నాకు ఉత్సాహం ఎక్కువైంది. కిందికొచ్చి, గోడకు అటువైపే కదా, మీటరు పైపు చాలదా అని పెద్దాయనను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మరీ పొట్టిగా పెడితే బయటి మిషన్ అదురు పైపు వెంట లోపలికొస్తుందన్నాడు. నీ బల్ల మీద మైక్రోస్కోపు ఉంది, దాని కింద బొమ్మ వణికితే ఏం చూస్తావని అడిగాడు. పుస్తకంలో మూడు మీటర్లకు తగ్గొద్దని కూడా ఉందని చూపించాడు. ఎక్కువే తప్పనుకున్నాను, తక్కువా తప్పేనని అప్పుడే తెలిసింది.

రెండు రోజుల తర్వాత ఆయన సామాను తెచ్చుకుని వచ్చాడు. గ్యాస్‌ను మళ్లీ బయటి మిషన్‌లోకి లాగి బంధించి, దాన్ని డాబా మీది నుంచి దించాడు. పాత పైపు ముక్కలను పక్కన పడేసి, నాలుగు మీటర్ల కొత్త పైపు ఒక్క అతుకూ లేకుండా వేశాడు. మిగులును బయటి మిషన్ వెనక గుండ్రంగా చుట్టాడు. పైపులో గాలంతా పంపుతో లాగేసి, గ్యాస్ తూకం వేసి కలిపాడు. సాయంత్రానికి గది ఇరవై అయిదు డిగ్రీలకు వచ్చింది. నమూనా పెట్టి చూశాను, అంకె సరిపోయింది. ఆయన కూతురి పరీక్ష మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి చేశాను. చేసే ముందు ఇంకోసారి సరిచూసుకున్నాను. ఇప్పటికీ పూటపూటకూ చూస్తాను.

యజమాని వచ్చాక రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. పైన భార్యతో ఏమన్నాడో తెలియదు. బయటి మిషన్ మాత్రం పెరట్లోనే ఉంది.

కోపం చల్లారక భూపాలపల్లి మెకానిక్‌కు ఫోన్ చేశాను. పుస్తకంలో ఉన్నదంతా చదివి వినిపించాను. ఘనపూర్ ఆయన సంగతి కూడా చెప్పాను. అతను అడ్డు రాకుండా విన్నాడు.

"మరి గా ముచ్చట నాకు అప్పుడే చెప్పాలె గద మేడం" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. బల్ల ముందు నలుగురు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మొదటి చీటీ అందుకుని, ముందుగా మిషన్‌లో నమూనా పెట్టాను.