కనబడలేదని రాయండి

ఈ ఉదయం తొలివాన పడింది. బీటలు వారిన నల్లరేగడి తడిసిన వాసన కిటికీలోంచి రాగానే సుభద్ర గారు గుర్తొచ్చారు. ఆ వాసనంటే అందరికీ ఇష్టం, ఆవిడకు మాత్రం దిగులు. తడిసిన నల్లనేల రాడార్ తరంగాలను మింగేస్తుందనేవారు.

పురావస్తు సర్వేలో ఆవిడ నా పై అధికారి. నేను కొలతలు తీసి పటాలు గీసేవాణ్ణి. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారి పక్కన, మిరపచేల మధ్య ఒక మట్టిదిబ్బ ఉండేది. ఒకప్పుడు అక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారని ఆవిడ నమ్మకం. దారి వెడల్పు కోసం దిబ్బ తూర్పు సగం తీసేయాలనుకున్నారు. తవ్వకుండానే లోపలేముందో చూసి చెప్పమని మమ్మల్ని పంపారు.

నేలలోకి తరంగాలు పంపి లోపలున్నది తెరమీద చూపే చక్రాల రాడార్ పెట్టెను ఆవిడే స్వయంగా తోసేవారు. పక్క చేలో కాయలు కోస్తున్న రాహేలమ్మ నడుము నిలబెట్టి, “ఏందమ్మా, బండిలో పిల్లోడు నిద్రపోయాడా?” అని అరిచింది. “ఇంకా లేవలా, నువ్వు అరవమాక!” అన్నారు ఆవిడ. పడమటి సగంలో తెరమీద ఇటుక గోడల గీతలు, వరుసగా చిన్న గదులు తేలాయి. ముందురోజు అకాల వానకు నీరు నిలిచిన తూర్పు సగంలో అంతా మసకే.

సాయంత్రం నివేదికలో “తూర్పున ఏమీ లేదు” అని రాశాను. రోడ్డు ఇంజనీరు సంతోషించి, “సంతకం పెట్టేయండి మేడమ్” అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగారు. “లేదని మీకెవరు చెప్పారండీ?”

“మిషన్లో రాలేదండి.”

“అయితే కనబడలేదని రాయండి. నేల ఆరాక మళ్ళీ చూడాలని కూడా రాయండి.”

“రెండూ ఒకటేగా మేడమ్!” అన్నాడు ఇంజనీరు.

“ఇంట్లో తాళాలు కనబడకపోతే ఇల్లు పడగొట్టుకుంటారా మీరు?”

ఆ ఒక్క మాటతో పని వేసవి దాకా ఆగింది. పైవాళ్ళు ఆవిడను చాలా అన్నారు. అక్కడ ఏదో ఉందని అంతగా నమ్మిన మనిషి, ఉందని మాత్రం రాయించలేదు. అది నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

వేసవి వచ్చేసరికి ఆవిడ గుంటూరు ఆసుపత్రిలో ఉన్నారు. బండి నేనే తోశాను. ఎండి బిగిసిన తూర్పు నేలలో ఒక వంపు మొదలై, మెల్లగా గుండ్రంగా కలుసుకుంది. స్తూపం పునాదిలా ఉంది. చేలోంచే ఫోన్ చేశాను.

“మేడమ్, ఉందండీ!”

ఆయాసపడుతూనే ఆవిడ అడిగారు, “ఉందా, కనబడిందా?”

“కనబడిందండి.”

“అలా చెప్పండి,” అన్నారు. గొంతులో నవ్వుంది.

దారి దిబ్బను తప్పించుకుని పోయింది. ఆవిడ ఇంటికి తిరిగి రాలేదు. ఏనాటి సంగతి ఆనాడే డైరీలో రాసుకోవడం నాకు జీవితమంతా అలవాటు. ఆవిడ పోయారని తెలిసిన రోజు “సుభద్ర గారు ఇక లేరు” అని రాయబోయి ఆగిపోయాను. నాకు తెలిసినంతే రాశాను: “ఇక కనబడరు.”