కరెంటు లేకుండా మోగిన శ్రుతి

మా దాదీ, అంటే నాన్నమ్మ, జిన్నుల గురించి చెబుతుంటే నవ్వేవాణ్ణి. ఎక్కడైనా వింత చప్పుడు వస్తే ముందు ఏ వైరు వదులైందో చూసే రకం నేను.

తొంభైల చివర్లో నేనూ, నా స్నేహితుడు శ్రీధరూ పటమటలో ఒక గది తీసుకుని నాటకాలకు, భక్తి క్యాసెట్లకు సంగీతం చేసేవాళ్లం. మద్రాసు వెళ్లి ఒక పాత అనలాగ్ సింథసైజర్, అంటే కరెంటుతో ధ్వనులు పుట్టించే కీబోర్డు, కొనుక్కొచ్చాం. దానికి మెమరీ లేదు. నాబ్‌లు తిప్పి ఒక ధ్వని తెచ్చుకున్నాక, ఒక్కటి కదిలినా అది పోయినట్టే.

ఒక వేసవి మధ్యాహ్నం కీ లేవకుండా అగ్గిపుల్ల ఇరికించి, రెండు స్వరాలను వెంట్రుకవాసి తేడాతో కలిపాం. తంబురాలా ఆగకుండా సాగే మోత. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా మెల్లగా పొంగి, తగ్గేది. శ్రీధర్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది మనిద్దరిదీరా కరీం. ఎవరికీ ఇవ్వొద్దు."

టేపు మీద రికార్డు చేసి దాచాం.

కొన్ని నెలలకు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక క్యాసెట్ల షాపులో ఆ మోత వినిపించింది. అట్ట మీద సంగీతం అని శ్రీధర్ పేరొక్కటే ఉంది. వెళ్లి వాణ్ణి నిలదీశాను.

"నాబ్‌లు తిప్పింది నేనే కదా. నువ్వు పక్కన కూర్చున్నావంతే," అన్నాడు, నా మొహం చూడకుండా.

గది ఖాళీ చేశాం. సింథసైజర్ నాకే వదిలేశాడు. ఇంటికి తెచ్చి ఎంత ప్రయత్నించినా ఆ ధ్వని మళ్లీ రాలేదు. విసిగిపోయి ప్లగ్గు పీకి దుప్పటి కప్పేశాను.

ఒక ఆదివారం ఇంట్లో ఒక్కణ్ణే అన్నం తింటున్నాను. అది మోగింది. వెళ్లి దుప్పటి లాగాను. ప్లగ్గు నేల మీదే పడి ఉంది. అసలు దానికి సొంత స్పీకరే లేదు. పైన చెయ్యి పెడితే అరచేతికి అదురు తెలిసింది. అదే పొంగు, అదే తగ్గు. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అలాగే నిలబడ్డాను. భయం కన్నా ఏడుపే ఎక్కువొచ్చింది. తర్వాత దానంతటదే ఆగింది.

సాయంత్రం ఫోనొచ్చింది. విడిపోయాక శ్రీధర్ చెయ్యడం అదే మొదలు.

"ఏంట్రా, మధ్యాహ్నం ఫోన్ చేసి ఉలుకూ పలుకూ లేకుండా ఆ మోత వినిపించావు? నన్ను ఏడిపిద్దామనా?"

"నేను చెయ్యలేదు."

"అబద్ధాలాడకు!"

ఆ మాట వాడి నోట వినేసరికి ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు నేను ఫోన్ ముట్టుకోలేదు. ఆ మోత ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నాతోపాటు అది విన్నానన్నవాడు లోకంలో ఒక్కడే. వాడి మాట నేను నమ్మలేను.