జయమ్మ లేని ఆదివారం

కామాక్షిది రేపల్లె. 1956లో రాష్ట్రం ఏర్పడగానే ఆమె భర్త రామచంద్రమూర్తి ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలింది. ఫైళ్ల వెనక గుమాస్తాలు, గుమాస్తాల వెనక పెళ్లాలు వచ్చారు. నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో జయమ్మ అనే ఆవిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. కొత్తలో కామాక్షికి సగం మాటలు అర్థమయ్యేవి కావు. కూరలవాడు కాస్త ఆగమని "జర ఠైరో" అంటే తిట్టాడేమోనని లోపలికి వచ్చేసింది.

ఊరికే కూర్చోలేని మనిషి. ఆబిడ్స్‌లో టైపు నేర్చుకుని, గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ఉద్యోగం సంపాదించింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు, 1963లో, కూతురు పుట్టింది. అత్తగారి పేరు కలిసేలా వెంకటరత్నం అని పెట్టారు. మూడు నెలల సెలవు అయిపోయే రోజున పిల్లను ఎవరికి అప్పగించాలో తెలియక గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే జయమ్మే వచ్చి చేతులు చాచింది.

"నేనున్న గదా బిడ్డా. ఏం ఫికర్ జెయ్యకు. పో, టైమైతుంది."

జయమ్మకు యాభై దాటాయి. పిల్లలు లేరు, భర్త పోయి చాలాకాలమైంది. పిల్లను తీసుకున్న మొదటి రోజే "రత్నం ఏందమ్మా, గింత బరువు పేరు? నా ముత్తెం ఇది" అంది. అప్పటి నుంచి ముత్తెమే.

నెల తిరిగేసరికి తల్లి "రత్నం" అని పిలిస్తే పిల్ల పలికేది కాదు. జయమ్మ వాకిట్లోంచి "ముత్తెమా" అంటే కాళ్లూ చేతులూ కొట్టుకునేది. బ్యాంకులో మధ్యాహ్నం మూడింటికి కామాక్షికి పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయేది. పైట సర్దుకుని టైపు కొడుతూనే, ఇప్పుడు జయమ్మ ఒళ్లో పడుకుని సీసా పాలు తాగుతుంటుంది కాబోలు అనుకునేది. ఆ ఊహకు వేళ్లు తడబడి కాగితం పాడయ్యేది. ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకుంటే జుట్టులో జయమ్మ వేసిన సాంబ్రాణి వాసన. ఎంత రాత్రయినా సరే, తడిగుడ్డతో ఆ తల తుడిచి గాని పడుకోబెట్టేది కాదు.

"అంత మంచిగా చూస్తోంది కదే ఆవిడ" అన్నాడు రామచంద్రమూర్తి ఒకసారి.

"చూడొద్దన్నానా?" అంది కామాక్షి.

పిల్లకు ఏడో నెల వచ్చింది. అన్నప్రాశన చేయాలి. రేపల్లెలో తండ్రికి ఆయాసం, తల్లి కదలలేదు. "ఆ పరదేశంలో నా మనవరాలికి అన్నం ముట్టించే దిక్కెవరే" అని తల్లి ఉత్తరం రాసింది. పిల్ల మేనమామ బుచ్చిబాబు మాత్రం ఏ ఆదివారమైనా వస్తానన్నాడు. సిద్ధాంతి రెండు ఆదివారాలు చెప్పాడు. వాటిలో మొదటిదానికి జయమ్మ ఊళ్లో ఉండదు. చెల్లెలితో యాదగిరిగుట్టకు పోయి, రెండు రాత్రులు నిద్ర చేసి వస్తానని ముందే చెప్పింది. అది విన్నాకే కామాక్షి తమ్ముడికి కార్డు రాసింది, మొదటి ఆదివారమే రమ్మని.

"ఆ రోజు జయమ్మగారు ఉండరేమో?" అన్నాడు రామచంద్రమూర్తి.

"ముహూర్తం మన చేతుల్లో ఉంటుందా?" అంది. భర్త ముఖంలోకి చూడలేదు.

శనివారం పొద్దున జయమ్మ తాళం వేసి బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ పిల్ల అరికాలు ముద్దు పెట్టుకుని, "రేపొక్క దినమే ముత్తెమా, ఎల్లుండి పొద్దుగాల్ల వస్త" అంది. బ్యాంకుకు సెలవు పెట్టిన కామాక్షి నవ్వుతూ సాగనంపింది. ఆమె మలుపు తిరగగానే మొజంజాహీ మార్కెట్టుకు వెళ్లి అరటిపళ్లు, కొబ్బరికాయలు, తమలపాకులు కొనుక్కొచ్చింది. నీళ్లు మోసే పూలమ్మ చేత వాకిలి అలికించి, గుమ్మాలకు మామిడాకులు కట్టింది. పెళ్లి తర్వాత అంత హుషారుగా పనిచేయడం అదే.

ఆదివారం పొద్దున పిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెట్టారు. నెయ్యి వేసిన పాయసంలో ఉంగరం ముంచి బుచ్చిబాబు నాలుకకు రాశాడు. ఏడుస్తుందేమో, ఉమ్మేస్తుందేమో అని కామాక్షి ఊపిరి బిగబట్టింది. పిల్ల చప్పరించింది, మళ్లీ నోరు తెరిచింది. తర్వాత కామాక్షి తన వేలితో పెట్టింది. ఆ చిన్న నాలుక తన వేలిని చుట్టుకోగానే ఆమెకు ఒళ్లంతా పులకరించింది. ఇది నాది, నాదొక్కదానిదే అనుకుంది.

ఆ తర్వాత చాప మీద పుస్తకం, కలం, గాజు, పూలు, గిన్నెలో అన్నం పెట్టి, పిల్లను వదిలారు. ఏది పట్టుకుంటే ఆ రాత ఉంటుందంటారు. పిల్ల మోకాళ్ల మీద కదిలింది. పుస్తకాన్ని తోసింది. గాజును చూడనే లేదు. చాప దిగి, తెరిచి ఉన్న గుమ్మం వైపు బిరబిరా పాకి, ఎదురుగా తాళం వేసి ఉన్న జయమ్మ తలుపును చూస్తూ గుక్కపట్టింది.

"ఇదేమిటే అక్కా, అన్నీ వదిలేసి గుమ్మం పట్టుకుంది! ఊళ్లేలుతుందా, ఊళ్లు తిరుగుతుందా?" అని బుచ్చిబాబు పకపకా నవ్వాడు.

కామాక్షి నవ్వలేదు. పిల్లను లాక్కొచ్చి, దాని చేతిని పట్టుకుని పుస్తకం మీద పెట్టింది. "పుస్తకం పట్టుకుంది. అమ్మకు అలాగే చెప్పు" అంది తమ్ముడితో.

సోమవారం పొద్దున జయమ్మ వచ్చింది. మామిడాకులు చూసింది. పూలమ్మ అప్పటికే అంతా చెప్పేసినట్టుంది.

"పండుగ జేసిన్రంట గదా."

"అవునండీ. ముహూర్తం అప్పుడే కుదిరింది."

"మంచిది బిడ్డా." గుట్ట ప్రసాదం పొట్లం గడప మీద పెట్టింది. వెళ్లబోతూ, "ఏం ముట్టింది?" అని అడిగింది.

"పుస్తకం" అంది కామాక్షి.

అయినా పది కొట్టేసరికి బ్యాంకులో ఉండాలి. పిల్లను అందించింది, జయమ్మ అందుకుంది. సాయంత్రం వచ్చేసరికి తల దువ్వి, గౌను మార్చి, గుమ్మం దగ్గరే తిరిగి ఇచ్చింది. "ఇగో, నీ రత్నం" అంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ముత్తెం అన్న మాట ఆ ఇంట్లో వినపడలేదు. సాంబ్రాణి వాసనా లేదు. కామాక్షి కోరుకున్నది అక్షరాలా జరిగింది, కానీ నాలుగు రోజులుగా ఆమెకు అన్నం సయించలేదు.

శుక్రవారం సాయంత్రం పిల్లను అందుకుంటూ అక్కడే ఆగిపోయింది.

"జయమ్మగారూ, కావాలనే చేశానండీ. మీరు ఊళ్లో లేని రోజు చూసి పెట్టించాను. అది మీ దగ్గర నవ్వుతుంటే నేను ఓర్చుకోలేకపోయాను."

జయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మెల్లగా అంది.

"నాకెర్కనే. నువ్వొక్కదానివే ఏడ్చినవ్ అనుకుంటున్నవా? దినమంత నేను మోస్త, ఆడిపిస్త. ఐదున్నరకు నీ చెప్పుల సప్పుడు ఇనబడితే సాలు, నన్ను నూకేసి నీ దిక్కు దుంకుతది. గప్పుడు నా కడుపు ఎట్ల మండుతదో నీకేం తెలుసు? ఇయ్యాల బస్సు దొరకకుంటే మంచిగుండు అని మొక్కుకున్న దినాలు గూడ ఉన్నయ్."

కామాక్షి పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఇంకోటి గూడ చెప్త. దాచను. పదిహేను దినాల కింద నేను తింటుంటే నా పళ్లెం దిక్కే జూస్తుండె. మనసాగలే. ఒక్క మెతుకు నలిపి నోట్లె పెట్టిన."

"అన్నప్రాశనకు ముందా?"

"ఔ."

కామాక్షికి ముఖం ఎర్రబడింది. పిల్లను గట్టిగా హత్తుకుని, లోపలికి పోయి తలుపు వేసుకుంది. పూజా, మేనమామా, ఉంగరమూ అంతా ఆ ఒక్క మెతుకు తర్వాతేనా! పీట మీద కూర్చుని కసితీరా ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో, ఆ మెతుకు పెట్టాక ఎవరైనా చూశారేమోనని జయమ్మ అటూ ఇటూ చూసి ఉంటుందని తోచింది. తాను ముహూర్తం దాచినట్టే ఆవిడా ఆ మెతుకును దాచుకుంది. కోపం పోలేదు గాని, అది ఎవరి మీద నిలబెట్టాలో తెలియలేదు. రామచంద్రమూర్తి వచ్చి ఏమైందని అడిగితే తలనొప్పి అంది.

శనివారం పొద్దున పిల్లను చంకనేసుకుని జయమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"ఈ పూట మెత్తగా అన్నం కలిపి పెట్టండి. చారు తేటే వెయ్యండి, కారం తగలకూడదు."

"నాకే జెప్తవా?" అంది జయమ్మ. అని, చేతులు చాచి, "రా ముత్తెమా" అంది.

పిల్ల ఒక్క దూకు దూకింది. కామాక్షి అటు చూడకుండా చెప్పులు వేసుకుని గన్‌ఫౌండ్రీ దారి పట్టింది.

ఆ ఇంట్లో వాళ్లు ఇంకో పదేళ్లు ఉన్నారు. కామాక్షి తర్వాత కొడుకును కంది. వాడి అన్నప్రాశనకు జయమ్మను అడిగి, ఆమెకు కుదిరిన రోజే పెట్టుకున్నారు. ఇద్దరి మధ్యా పోట్లాటలు లేకపోలేదు. రత్నం బడిలో మొదటిసారి బహుమతి తెచ్చుకున్న రోజు ముందు జయమ్మ గదిలోకే పరిగెత్తిందని కామాక్షి రెండు రోజులు కూతురితో ముభావంగా ఉంది. జ్వరమొస్తే అది అమ్మనే పిలుస్తుందని జయమ్మ పూలమ్మ దగ్గర వాపోయేది.

1973లో వాళ్లు సొంత ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. మొదటి శనివారమే రత్నం జయమ్మ దగ్గర పడుకుంటానని పట్టుబట్టింది. వారమంతా పని చేసి, ఉన్న ఒక్క ఆదివారం పిల్ల ఇంట్లో ఉండదా అని కామాక్షికి చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది. గౌనులు మడతపెట్టి సంచిలో పెడుతూ, ఒకటి తీసేసి, మళ్లీ పెట్టింది. బషీర్‌బాగ్ దాకా తానే వెంట వచ్చి, నాంపల్లి బస్సు ఎక్కించింది.

"రేపు సాయంత్రం ఐదున్నరకల్లా వచ్చెయ్యాలి" అని కిటికీలోంచి చెప్పింది. "ఆవిడ ఉండమంటుంది. ఉండకు."

రత్నం తలూపింది. మరునాడు ఏడున్నరకు గాని రాలేదు.