అన్న ఫోను కోసం ఆగే కంప్యూటరు

బోధన్ దారిలో మా అన్నకు ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉండేది. రైతుల దరఖాస్తులు పెట్టడం, కాగితాలు ప్రింటు తీయడం అక్కడి పని. ఇంటర్నెట్ వైరు రోడ్డు మీదుగా వచ్చేది. చెరుకు కోతలు మొదలైతే చాలు, ఎత్తుగా లోడేసుకున్న లారీలు దాన్ని తెంపుకుపోయేవి. దాంతో అన్న వైరును నమ్మడం మానేశాడు. పొద్దున షట్టరెత్తి, ముందు తన ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, ఆ తరువాతే కంప్యూటరు వేసేవాడు. అది లేవగానే మొదట అన్న ఫోనును వెతకాలి. కాసేపు చూసినా దొరక్కపోతేనే వైరు దగ్గరికి పోవాలి. ఆ వరుస తనే పెట్టుకున్నాడు. నిజామాబాద్‌లో నేను చేసేదీ ఇలాంటి పనే. వైరే ముందుండాలని ఎన్నిసార్లు చెప్పానో! వింటేనా? మా అన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నిరుడు వానాకాలంలో గుండె ఆగి పోయాడు. దినాలయ్యాక వదినే సెంటర్ తెరిచింది.

కంప్యూటరు మాత్రం రోజూ లేవగానే అన్న ఫోను కోసం చూసేది. అంతసేపూ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దాని ముందు కూర్చునేది. వచ్చినవాళ్లు విసుక్కునేవారు. "ఏవమ్మా, మీ పెట్టె ఇంకా నిద్ర లేవలేదా?" అని నవ్వుతూ అడిగే కోస్తా రైతు ఒకాయన కూడా చివరికి బస్టాండు దగ్గరి సెంటర్‌కు మారిపోయాడు. ఇద్దరు పిల్లలతో వదిన బతుకు ఆ సెంటర్ మీదే నడవాలి. నాకు భయం పట్టుకుంది.

"వదినా, వరుస మార్చేస్త. చిటికెల పని," అన్నాను.

"ఉండనియ్యి తమ్మీ. ఇంట్ల ఆయన ముచ్చట తీస్తే పిల్లలు లేసిపోతున్నరు. నేను గూడ నోరు మూసుకున్న. గా డబ్బా ఒక్కటన్న ఆయన కోసం సూడనియ్యి."

వరుసను అలాగే వదిలేసి నిజామాబాద్ బస్సెక్కాను.

కోతలు వచ్చాయి. లారీ వైరును తెంపింది. మనుషులు వరుస కట్టి నిలబడితే వదినకు దిక్కు తోచక, బీరువాలోంచి అన్న ఫోను తీసి చార్జింగ్ పెట్టి, ఆయనలాగే హాట్‌స్పాట్ వేసింది. కంప్యూటరు క్షణం ఆగకుండా దాన్ని పట్టుకుంది. కానీ రీచార్జి లేక ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయింది. మర్నాడు వైరు అతికించినా నెట్ రాలేదు. వదిన నాకు ఫోన్ చేసింది.

నేను బస్సు దిగి వెళ్లేసరికి అన్న ఫోను కంప్యూటరు పక్కనే వెలుగుతోంది. సంగతి చూడగానే అర్థమైంది.

"గీ డబ్బా అన్న ఫోను దొరికిందని దాన్నే పట్టుకొని కూసుంది వదినా. దాంట్లకెళ్లి ఏం రాదు. ఫోను బందు చేస్తేనే వైరు దిక్కు పోతది."

వదిన ఆ ఫోనును చేతిలోకి తీసుకుంది. తరువాత తన చేత్తోనే బందు చేసింది.

"మార్సు తమ్మీ," అంది.

వైరును ముందు పెట్టాను. అన్న ఫోను పేరును వరుసలోంచి తీసేస్తుంటే ఏడుపు ఆగలేదు. పనిలో ఇలాంటివి ఎన్ని పేర్లు తీసేసి ఉంటానో, ఏ ఒక్క పేరూ గుర్తు లేదు. కంప్యూటరును ఆపి మళ్లీ వేశాను. వదిన ఎప్పటిలాగే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె సర్దుకుని కూర్చునేలోపే నెట్ వచ్చేసింది.

వదిన తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"గింత జల్దీనా?" అంది.