పుట్టింటి బస్తా

మిరపకాయల ఊళ్లో కాపురం ఉంటూ కొట్లో కారప్పొడి పొట్లం కొనుక్కున్న ఆడదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఆ మాట ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పట్లో ఆ పొట్లం పైటచెంగు కింద దాచుకుని ఇంటికి తెచ్చేదాన్ని.

మా ఆయన యార్డులో సూపర్‌వైజరు. యాభైల చివర్లో సంగతి ఇది. గుంటూరు జిల్లాలో అదొక చిన్న మిరప యార్డు. రైతులు బండ్ల మీద తెచ్చిన కాయ తడిదో పొడిదో చూసి, సరిగా ఉంటేనే కాటాకి పంపడం ఆయన పని. తడి తగిలితే బస్తాలన్నీ విప్పించి, అందరూ చూస్తుండగా సిమెంటు కళ్లం మీద ఆరబోయిస్తారు. ఆరేదాకా కాటా లేదు, అమ్మకం లేదు. యార్డు గోడకి ఇవతల మా క్వార్టరు. దొడ్డి గుమ్మంలో నిలబడితే కళ్లమంతా కనిపించేది. ఘాటుకి పొద్దస్తమానం కళ్లనీళ్లే. కాపురానికి వెళ్లిన కొత్తలో నేను పుట్టింటి మీద బెంగతో ఏడుస్తున్నాననుకుని పక్కింటావిడ ఓదార్చడానికి కూడా వచ్చింది.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తకాయ దిగగానే, ఏడాది కారానికీ ఆవకాయకీ సరిపడా కాయలు కమీషను కొట్ల వాళ్లే యార్డు ఆఫీసు వాళ్ల ఇళ్లకి పంపేవారు. దాన్ని లంచమని ఎవరూ అనరు, అసలు ఎవరికీ ఆ ఊహే రాదు. మొదటి ఏడు మా ఇంటికీ ఒక బస్తా వచ్చింది. మా ఆయన గుమ్మం దాటనివ్వలేదు. "మీ షావుకారుగారికి నా నమస్కారాలు చెప్పవోయ్, ఇది మాత్రం పట్టుకెళ్లు" అని మోసుకొచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి మరీ పంపేశారు. అరిస్తే అదో తీరు. అరవకపోవడమే నాకు ఒళ్లు మండేది.

కారం కొట్టే రోజుల్లో ఆఫీసు వాళ్ల ఆడవాళ్లంతా ఒకచోట చేరి రోకళ్లేయించేవాళ్లు. నన్నూ పిలిచేవాళ్లు, చూడ్డానికి. "ఏమమ్మా, ఈసారి పొట్లం ఏ కొట్లో కొన్నావు?" అని ఒకావిడ అడిగేది. మిగతావాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకునేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఇంటికొచ్చి ఆయన మీద పడేదాన్ని. "నలుగురూ తీసుకునేది మనకెందుకు చేదు? మీ చాదస్తానికి నేను నవ్వులపాలవ్వాలా?" అంటే, ఆయన పేపరు దించేవారు కూడా కాదు.

ఇక అన్నయ్య సంగతి. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే ఆ ఒక్క మనిషే. మా ఊళ్లో ప్రత్తి వేసేవాడు. ఒక ఏడు పురుగు పట్టి చేను మొత్తం పోతే, ఆ మరుసటేడు ప్రత్తి మానేసి మిరప వేశాడు. అన్నయ్య కాయ అమ్మకానికి మా యార్డుకే తెస్తున్నాడని కబురు రాగానే నా సంతోషం చూడాలి. రోకళ్ల దగ్గర ఆడవాళ్లకి నేనే వెళ్లి చెప్పాను. "ఈసారి పొట్లం కాదమ్మా, మా అన్నయ్య తెస్తున్నాడు పుట్టింటి కాయ. అది కాదనడానికి ఆయన తాతకి కూడా హక్కు లేదు" అన్నాను.

పొద్దున్నే అన్నయ్య బండి మా గుమ్మం ముందే ఆగింది. ఒక బస్తా భుజానికెత్తుకుని నవ్వుతూ వచ్చాడు. "అమ్మాయ్, ఇదిగో నీ కారం!" అని వీధంతా వినపడేలా కేకేశాడు. పక్కిళ్ల గుమ్మాలన్నీ నిండిపోయాయి. నాకు గాల్లో తేలినట్టుంది.

మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చారు. బండివైపు చూశారు, బస్తావైపు చూశారు.

"బావా, మీ కాయ ఇవాళ యార్డుకొస్తోందిగా. అమ్మకం అయ్యాక ఇది తీసుకుంటాం. అప్పటిదాకా లోపలికొద్దు" అన్నారు.

"ఇదేంటి బావా, ఇది మా చెల్లెలికి. మీకు కాదుగా?"

"నిజమే. కానీ చూసేవాళ్లకి ఆ తేడా తెలీదు కదా."

అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. బస్తా అరుగు మీద దబ్బున పడేసి, నా వంక చూడకుండా బండెక్కాడు. కాఫీ కలిపిన గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. అంతమంది కళ్లముందు, అదీ నేను అంత గొప్పలు పోయిన తర్వాత! నేల చీలి మింగేస్తే బాగుండునని నిజంగానే అనిపించింది. బస్తా అరుగు మీదే ఉండిపోయింది, వచ్చేపోయేవాళ్లు చూసేలా.

అసలు అవమానం అంతటితో అయిపోలేదు. కాసేపటికి యార్డులో గోల వినిపించి దొడ్డి గుమ్మంలోకి పరుగెత్తాను. మా ఆయన అన్నయ్య బస్తాల దగ్గర నిలబడి ఉన్నారు. ఒక్కో బస్తాలో మోచేతి దాకా చెయ్యి దోపి అడుగు కాయ తీసి చూస్తున్నారు. పైకాయ పొడిగానే ఉందట. అడుగు కాయ పిడికిట్లో నొక్కితే చప్పుడు లేకుండా మెత్తగా అణిగిపోతోందట. ఎండిన కాయ అయితే గలగలమనాలి.

"ఇదేం దొంగ సరుకు కాదు బావా! బస్తాలో తొక్కేటప్పుడు కాయ చిట్లకుండా నాలుగు చుక్కలు చల్లడం ఎవడు చెయ్యడు? దానికితోడు రాత్రి దారిలో మంచు కురిసింది. మంచుని నేను ఆపగలనా?" అన్నయ్య గొంతు గోడ ఇవతలికి స్పష్టంగా వినపడింది.

నాలుగు చుక్కలు చల్లడం నిజమే, అందరూ చేసేదే. పొడికాయ తొక్కితే పొట్టు పొట్టవుతుంది. దానికి మా ఆయనా ఏమీ అనరు. మంచు మాట కూడా నాకు నిజమే అనిపించింది. మా అన్నయ్య అబద్ధమాడతాడని నేనెలా అనుకుంటాను?

మా ఆయన బస్తాలు మోసే ముఠా వాళ్లకి సైగ చేశారు. వాళ్లు కదల్లేదు. సొంత బావమరిది సరుకు కదా, వేళాకోళమేమో అనుకున్నారు. ఆయన మళ్లీ చెప్పాల్సొచ్చింది. అప్పుడు విప్పారు. అన్నయ్య కాయంతా కళ్లం మీద ఎర్రగా పరుచుకుంది. చుట్టూ రైతులు మూగారు. ఎవడో "సూపర్‌వైజరుగారి బావమరిదిదే అంట రోయ్!" అన్నాడు. అన్నయ్య తలగుడ్డ విప్పి మొహం మీద కప్పుకుని ఆ కుప్ప పక్కనే కూర్చున్నాడు. నేను తలుపు మూసేసుకున్నాను.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన మనిషిని నేను వదల్లేదు. "మీరు మనిషా, రాయా? ఉన్న ఒక్క పుట్టిల్లూ తగలబెట్టేశారు. మంచుకి తడిసిందని చెబుతున్నాడుగా, ఆ మాత్రం నమ్మకూడదూ?"

ఆయన కంచం ముందు కూర్చుని నెమ్మదిగా అన్నారు: "తడి బస్తా గోదాములో ఒక్కటి పడితే చుట్టూ ఉన్న కాయంతా బూజు పడుతుంది. అది కూడా మీ అన్నయ్య లాంటివాళ్లదే. మొన్న ఒక మోతుబరి రైతు కాయ ఇలాగే కళ్లం మీద పోయించాను, ఇవాళ ఈయన్ని వదిలేస్తే రేపు నేనెవరి బస్తాలో చెయ్యి పెట్టగలను చెప్పు?"

"మీకు కావలసింది మీ పేరు. నా మొహం ఏమైపోయినా సరే!" అన్నాను. ఆయన సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నారు.

సాయంత్రం క్యారియరు పట్టుకుని నేనే యార్డులోకి వెళ్లాను. ఆడవాళ్లు రంగు తేలిపోయిన తాలుకాయలు ఏరే వేళ తప్ప అటు అడుగుపెట్టేవాళ్లు కాదు. బండ్ల మధ్య నుంచి నడుస్తుంటే అందరి చూపులూ నా వీపుకే అతుక్కున్నాయి. అన్నయ్య క్యారియరు వంక చూడనైనా చూడలేదు.

"తీసుకెళ్లు. ఆయనింటి మెతుకు నాకొద్దు. నీ గుమ్మం మళ్లీ తొక్కితే ఒట్టు."

క్యారియరు బండి పక్కన కింద పెట్టాను. అక్కడే కూర్చున్నాను. అప్పుడే ఆఫీసు గంట కొట్టారు. మా ఆయన తలుపుకి తాళం వేసి తిన్నగా మా దగ్గరికొచ్చారు. చొక్కా విప్పి బండి కాడి మీద వేశారు, పంచె ఎగ్గట్టారు, చెప్పులు విడిచి కళ్లం మీద దిగారు. కాళ్లతో కాయని తిరగేయడం మొదలెట్టారు, పల్లెటూళ్లో పుట్టిన ఏ మనిషైనా చేసినట్టే.

అన్నయ్య ఉలిక్కిపడి లేచాడు. "మీరెందుకు? ఆఫీసరుగారు..."

"ఆఫీసు కట్టేశాను బావా. అటువైపు నుంచి మీరు తిప్పండి, చీకటి పడేలోపు అయిపోతుంది."

ఇద్దరూ చెరోవైపు నుంచి తిరగేశారు. పని అయ్యాక ఆయనే క్యారియరు విప్పి, ఒక గిన్నె అన్నయ్య ముందు పెట్టి, ఒకటి తను తీసుకున్నారు. అన్నయ్య కాసేపు ఆ గిన్నె వంకే చూసి, తిన్నాడు. నా గుండెల్లో బరువు కొంచెం దిగింది. అయినా మా ఆయన్ని క్షమించడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. చేసిందంతా చేసి ఇప్పుడీ మంచితనమెందుకని లోపల్లోపల సాధిస్తూనే ఉన్నాను.

రెండు రోజుల ఎండకి కాయ ఆరింది. కాటా అయింది, మంచి ధరే వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఇంటికొచ్చారు. అన్నయ్య గుమ్మం తొక్కాడు! నేను ఆ సంబరం దాచుకుని, అరుగు మీదున్న బస్తా చూపించి మా ఆయన్ని దెప్పాను. "ఇక దీనికైనా లోపలికొచ్చే యోగం ఉందా, సూపర్‌వైజరుగారూ?"

"ఇప్పుడది నీ పుట్టింటి కాయ. తెచ్చుకో" అన్నారు నవ్వుతూ.

ఆత్రంగా పురికొస కోసేశాను. నలుగురూ నవ్విన అరుగు మీదే కూర్చుని చెయ్యి లోపలికి దోపాను. భుజం దాకా పోయింది. ఎంత చక్కని కాయ! గలగల, గలగల. పైనా అంతే, అడుగునా అంతే. ఏరి పెట్టినట్టు ఒక్క తాలుకాయ లేదు.

"అన్నయ్యా, చిల్లర గుప్పించినట్టు మోగుతోంది!" అన్నాను.

అన్నయ్య ఇన్నాళ్లకి మనసారా నవ్వాడు. "పిచ్చి మొహమా! నీకిచ్చేదాంట్లో నీళ్లు కొడతానంటే?"

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అదే చేను, అదే బండి, అదే రాత్రి. మంచు నా బస్తాని మాత్రం వదిలేసిందన్నమాట. బరువు తూగాలని అమ్మే కాయకి నీళ్లు కొట్టి, బావ ఉన్న యార్డులో అడుగు కాయ ఎవరు చూడొస్తారనుకున్నాడు మా అన్నయ్య. అలాంటివాడి కోసం నేను నా మొగుణ్ణి రాయి అన్నాను, పేరు కోసం పాకులాడే మనిషన్నాను, అన్నం ముందు నుంచి లేపాను.

మా ఆయన విన్నారు. వినకుండా ఎలా ఉంటారు, అక్కడే నిలబడితే! కానీ నా వైపు గానీ అన్నయ్య వైపు గానీ చూడలేదు. "కాళ్లు కడుక్కొస్తాను, బావకి వడ్డించు" అని దొడ్లోకి వెళ్లిపోయారు. నూతి గిలక చప్పుడు చాలాసేపు వినపడుతూనే ఉంది. కాళ్లు కడుక్కోవడానికి అన్ని నీళ్లు అక్కర్లేదు.

అరుగు మీద నేనూ అన్నయ్యా మిగిలాం. చెయ్యి ఇంకా బస్తాలోనే ఉంది, భుజం దాకా మండిపోతోంది. బయటికి తీద్దామనే అనుకున్నాను. తీస్తే తలెత్తి అన్నయ్య మొహం చూడాలి.